చిన్న ట్రైలర్‌కి వెనక కెమెరా: వైర్‌లెస్సా, వైరుదా?

ప్రశ్న: అన్నా, మాది చెన్నైలో మేడవాక్కం. పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో చిన్న ట్రావెల్ ట్రైలర్ కొన్నాం. 12 అడుగుల పొడవు, బయట అల్యూమినియం షీటు, లోపల ప్లైవుడ్డు. మా ఎస్‌యూవీ వెనక తగిలించుకుని పోతుంటాం. లోపలి అద్దంలో ట్రైలర్ గోడ తప్ప ఇంకేం కనపడదు. రివర్స్ చేసేటప్పుడు మా ఆవిడ వెనక నిలబడి రా రా అంటుంది, పిల్లలిద్దరూ అక్కడక్కడే తిరుగుతుంటారు, నాకు గుండె గుబగుబలాడుతుంది. కెమెరా పెట్టిద్దామని షాపులో అడిగితే వైఫైది పెడతాం, కరెంటు కోసం టెయిల్ ల్యాంపు వైరుకి ట్యాప్ చేస్తే, అంటే దానికే ఇంకో తీగ కలిపితే, అరగంటలో అయిపోతుంది అన్నారు. మా ట్రైలర్ ప్లగ్గు గుండ్రటి 7 పిన్నులది, అందులో రివర్స్ లైటుకి పిన్నే లేదంట. కార్లో ఉన్న స్క్రీన్‌కే కలిపేయొచ్చా? సంక్రాంతికి నెల్లూరు పోవాలి, ఈలోపు పని అవ్వాలి. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టెయిల్ ల్యాంపు ట్యాపింగ్ మాత్రం వద్దని చెప్పెయ్, మిగతాది తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఎందుకంటే టెయిల్ ల్యాంపు లైన్లో కరెంటు లైట్లు వేసినప్పుడే ఉంటుంది, అంటే పట్టపగలు వెనక చూడాలన్నా లైట్లు వేసుకుని తిరగాలి. అది చిన్న ఇబ్బందే అనుకో. ఇప్పటి బండ్లలో చాలావాటికి లైట్లని కంప్యూటర్ నడుపుతుంది, అది వైర్లోకి నిలకడగా 12 వోల్ట్ పంపకుండా పల్సులుగా కొట్టి కొట్టి పంపుతుంది, బల్బుకి ఆ తేడా తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది, బొమ్మ వణకడమో, ఆరి వెలగడమో మొదలవుతుంది. ఇదీ సర్దుకోవచ్చు, దానికి రిలేలు, అంటే కరెంటుతో నడిచే స్విచ్చులు, ఉన్నాయి. కానీ అసలు భయం ఫ్యూజుది. ఆ కెమెరా వెనక గోడ మీద ఎండకి ఎండి వానకి తడుస్తూ ఏళ్ళ తరబడి ఉంటుంది, ఏదో ఒకరోజు జాయింట్లోకి నీళ్ళు దిగి షార్ట్ అయ్యిందంటే కొట్టేసేది కెమెరా ఫ్యూజు కాదు, టెయిల్ ల్యాంపు ఫ్యూజు. ఆ పక్క దీపం పోతుంది, కొన్ని బండ్లలో రెండు పక్కలా ఒకే ఫ్యూజు మీద ఉంటే రెండూ పోతాయి. రాత్రి తొమ్మిదింటికి తడ దాటి సూళ్ళూరుపేట వైపు పోతుంటావు, వెనక లోడు లారీ వస్తుంటుంది, నీ ట్రైలర్ వెనక దీపం లేదు, ఆ సంగతి ముందు సీట్లో ఉన్న నీకు తెలియనే తెలియదు. పిల్లల కోసమని పెట్టించుకునే కెమెరా వల్ల అలా అవ్వకూడదు. బ్రేకు, ఇండికేటరు, టెయిల్ ల్యాంపు ఈ మూడు లైన్ల జోలికి ఎవరు పోతామన్నా ఒప్పుకోకు.

ఇప్పుడు వైర్‌లెస్ సంగతి. పేరు చూసి వైర్లు ఉండవు అనుకుంటాం కదా, బొమ్మ పంపడానికే వైరు ఉండదు, కరెంటుకి వైరు కావాల్సిందే. కెమెరా ట్రైలర్ వెనక ఉంటుంది, దానికి 12 వోల్ట్ ఎక్కడినుంచో రావాలి, మీ షాపాయన టెయిల్ ల్యాంపు మీద పడ్డది అందుకే. అదే వైరుతో ఉండే కిట్ అయితే, బస్సులకీ లారీలకీ పెడతారే అలాంటిది, దాంట్లో ఒకటే కేబుల్లో నాలుగు తీగలుంటాయి: బొమ్మకి ఒకటి, 12 వోల్ట్‌కి ఒకటి, ఎర్త్‌కి ఒకటి, నాలుగోది కిట్‌ని బట్టి మైకుకో ట్రిగ్గర్‌కో. కెమెరాకి కరెంటు డాష్‌బోర్డు మీదున్న మానిటర్ నుంచే అదే కేబుల్లో వెనక్కి పోతుంది. అంటే నీ ట్రైలర్ వైరింగ్‌లో ఒక్క తీగ కూడా కొయ్యక్కర్లేదు, కెమెరా కోసం ఆ 7 పిన్ ప్లగ్గుని ముట్టుకోనే అక్కర్లేదు, రివర్స్ పిన్ లేదన్న గొడవే ఉండదు. కాబట్టి నా సలహా సూటిగా చెప్తున్నా, నీ ట్రైలర్‌కి వైరు కిట్టే పెట్టించు. కేబుల్ లాగడానికి ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే.

దానికి ముందు ఒకటి తేల్చుకోవాలి. నీకు కెమెరా రివర్స్‌కి మాత్రమే కావాలా, దారి పొడవునా వెనక కనపడుతూ ఉండాలా? రాసింది చూస్తే రెండూ కావాలనిపిస్తోంది, నేనైతే రెండోదే ముఖ్యం అంటాను. ట్రైలర్ తగిలించాక లోపలి అద్దం పనికిరాదు, పక్క అద్దాల్లో రెండు పక్కలే కనపడతాయి, సరిగ్గా వెనకాల అంటుకుని వచ్చే బైకు గానీ ఆటో గానీ అసలు కనపడదు. వాళ్ళు ఉన్నారని తెలిస్తే బ్రేకు కాస్త ముందుగా, మెల్లగా తొక్కుతాం. అందుకే మానిటర్‌కి కరెంటు రివర్స్ లైటు నుంచి కాకుండా, తాళం తిప్పితే వచ్చే లైన్ నుంచి తీసుకోవాలి. ఫ్యూజు బాక్సులో ఫ్యూజ్ ట్యాప్ అని చిన్న ముక్క పెడతారు, పాత ఫ్యూజుకి పక్కనే ఇంకో ఫ్యూజు పట్టేలా ఉంటుంది, దాంట్లో 3 యాంపులది వేస్తే చాలు, కెమెరా మానిటర్ రెండూ కలిపినా ఒక యాంపు దాటవు మామూలుగా. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజుల దగ్గరికి మాత్రం పోవద్దు. మానిటర్‌కి ట్రిగ్గర్ వైరు ఒకటి ఉంటుంది, దాన్ని కారు రివర్స్ లైటుకి కలిపితే గేరు వేయగానే వెనక కెమెరా బొమ్మ దానంతటదే వస్తుంది, మిగతా టైములో నువ్వు కావాలంటే ఆన్‌లో ఉంచుకోవచ్చు.

కార్లో ఉన్న స్క్రీన్‌కే కలపొచ్చా అన్నావు. కంపెనీ నుంచి వచ్చిన స్క్రీన్ అయితే సాధారణంగా రివర్స్ గేరు వేస్తేనే కెమెరా చూపిస్తుంది, ముందుకి పోతుంటే చూపించదు, కాబట్టి నీ అసలు అవసరం తీరదు. ఇంకోటి, కారు సొంత కెమెరాని తీసేసి ట్రైలర్‌ది పెట్టడం తప్పు, అది నీకు చాలా పనికొస్తుంది. ట్రైలర్ తగిలించేటప్పుడు టో బాల్‌ని (కారు వెనకుండే ఇనప గుండు) కప్లర్ (ఆ గుండు మీద కూర్చునే ట్రైలర్ ముందు భాగం) కిందకి సరిగ్గా తెచ్చేది ఆ కెమెరానే కదా, ఎవరి సాయం లేకుండా ఒక్కడివే తగిలించుకోవచ్చు. దాన్ని అట్లాగే ఉంచి డాష్‌బోర్డు మీద 5 అంగుళాలదో 7 అంగుళాలదో వేరే మానిటర్ పెట్టుకో, రోడ్డుకి అడ్డం రాకుండా కిందగా. కారు వెనక బంపర్‌లో పార్కింగ్ సెన్సార్లు ఉంటాయి కదా, మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు, ట్రైలర్ తగిలిస్తే అవి దాన్నే చూసి కూస్తూ ఉంటాయి, వాటిని ఆపే బటన్ ఉందేమో చూసుకో, లేకపోతే ఆ కూతకి అలవాటు పడి నిజంగా ఏదైనా అడ్డం ఉన్నా పట్టించుకోం.

ఇక కేబుల్. ట్రైలర్‌లో వెనక గోడ నుంచి ముందు హుక్కు వైపు ఇంగ్లీషు A ఆకారంలో ఉండే ఫ్రేమ్ దాకా, కార్లో హుక్కు దగ్గర్నుంచి డాష్‌బోర్డు దాకా, ఈ రెంటి మధ్య స్ప్రింగులా చుట్టలు చుట్టుకున్న కాయిల్ కేబుల్. కొనేటప్పుడు కెమెరా, మానిటర్, కేబుళ్ళు అన్నీ ఒకే కిట్‌లోవి తీసుకో. 4 పిన్ ప్లగ్గులు చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల ఏ పిన్నుకి ఏది అన్నది కంపెనీకో రకంగా ఉంటుంది, కలిపేస్తే 12 వోల్ట్ పోయి వీడియో తీగలో పడుతుంది. అలాగే కెమెరా ఏహెచ్‌డీ (బొమ్మ ఎక్కువ స్పష్టంగా పంపే కొత్త రకం) అయితే మానిటర్ కూడా ఏహెచ్‌డీ తీసుకునేదే అవ్వాలి, పాత రకం మానిటర్‌కి ఏహెచ్‌డీ కెమెరా తగిలిస్తే స్క్రీన్ ఖాళీగానే ఉంటుంది, కెమెరా పోయిందని షాపుకి తిరుగుతుంటారు జనం. ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి పోతే బస్సు, లారీ కెమెరా కిట్ అని అడుగు, ఊరికే కార్ రివర్స్ కెమెరా అంటే చిన్న ఆర్‌సీఏ పిన్నుది చేతిలో పెడతారు, ఆ పిన్ను ఇంటి టీవీ వెనక తగిలించే రకం, రోడ్డు మీద వానలో కారుకీ ట్రైలర్‌కీ మధ్య పెట్టేది కాదు. షాపులోనే మానిటర్‌కి తగిలించి బొమ్మ చూపించమని అడిగి మరీ తీసుకో.

ట్రైలర్ లోపల ప్లైవుడ్డు విప్పే ఓపిక లేకపోతే అల్మరాల వెనకాల నుంచి లాగొచ్చు, అదీ కుదరకపోతే ఛాసిస్ కింద నుంచి. కిందనుంచి అయితే నల్ల గొట్టం వస్తుంది, మడతలు మడతలుగా ఉంటుంది, కేబుల్ దాంట్లో పెట్టి అడుగుకో క్లిప్పు వేసి బిగించాలి. యాక్సిల్ కదిలే చోట, టైరు తగిలే చోట దూరంగా పోవాలి. ఉత్త ప్లాస్టిక్ ట్యాగులతో కట్టి వదిలేస్తే కొన్నాళ్ళకి అవి తెగి కేబుల్ వేలాడుతుంది. కారులో అయితే డోర్ కింద ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి కదా, వాటి కిందనుంచి లాగమను, పైన పిల్లర్ల మీద కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే అటు పోకూడదు. బయటికి రావడానికి కొత్తగా కన్నం కొట్టే బదులు ముందే ఉన్న రబ్బరు గ్రొమెట్ (వైరు కోసుకోకుండా కన్నానికి వేసే రింగు) ఎక్కడుందో వెతకమను.

కాయిల్ కేబుల్ పొడవు ఎంత ఉండాలన్నది కొలతతో కాదు, తిప్పి చూసి తేల్చాలి. ఖాళీ గ్రౌండులో ట్రైలర్ తగిలించి ఎడమకి ఫుల్లుగా తిప్పి దిగి చూడు, కుడికి ఫుల్లుగా తిప్పి దిగి చూడు. ఎక్కడా బిగుసుకోకూడదు, ఎక్కడా రోడ్డుకి తగలకూడదు. సేఫ్టీ చైనుకి చుట్టేయొద్దు, ఒకవేళ ట్రైలర్ విడిపోయిందంటే ప్లగ్గు దానంతటదే ఊడి రావాలి గానీ కార్లో వైరింగ్ మొత్తం పీక్కుని పోకూడదు.

ఎర్త్ గురించి రెండు మాటలు, ఇందులోనే చాలామంది దెబ్బతింటారు. ట్రైలర్ ఇనుముకీ కారు ఇనుముకీ కప్లర్ దగ్గర తగులుతోంది కదా, అదే ఎర్త్ అయిపోతుంది అనుకుంటారు, కానీ అక్కడ గ్రీజు ఉంటుంది, అది కదులుతూ ఉంటుంది, నమ్మడానికి లేదు. 7 పిన్నుల్లో 3వ పిన్ ఎర్త్, అది గట్టిగా ఉండాలి. ఒక పరీక్ష చెప్తా, చీకటి పడ్డాక ట్రైలర్ తగిలించి మానిటర్ ఆన్ చేసి బ్రేకు తొక్కు, బొమ్మలో గీతలు వచ్చినా, టెయిల్ ల్యాంపులు ఒక్కసారి డల్ అయినా ఎర్త్ బాగాలేదని అర్థం. బ్రేకు బల్బు ఒక్కోటి 21 వాట్లు, రెండు కలిసి మూడున్నర యాంపులు లాగుతాయి, అదంతా ఒక తుప్పు పట్టిన పిన్నులోంచి వెనక్కి రావాలంటే వోల్టేజ్ అక్కడే పోతుంది. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ అన్నావు కాబట్టి కెమెరా కంటే ముందు ఆ ప్లగ్గు విప్పి పిన్నులు చూడు, పచ్చగా పాచి పట్టినట్టు ఉంటే మార్చెయ్, పెద్ద ఖర్చేం కాదు. మార్చేటప్పుడు తీగ రంగుల్ని నమ్మొద్దు, ముందు కొన్నవాళ్ళు ఎవరో ఏదో రంగు వాడేసి ఉంటారు, టెస్ట్ ల్యాంపు (కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం) పెట్టి ఒక్కో పిన్నూ చూడాలి.

ఎప్పుడైనా మొత్తం వైరింగ్ మార్చే ఆలోచన ఉంటే 13 పిన్నుల ప్లగ్గుకి మారొచ్చు, దాంట్లో 8వ పిన్ రివర్స్ లైటు, 9వది ఎప్పుడూ ఉండే 12 వోల్ట్, 10వది తాళం తిప్పితే వచ్చేది. ఈ సంక్రాంతికి అవసరం లేదు.

కెమెరా ఎక్కడ పెట్టాలంటే వెనక గోడ మీద మధ్యలో పైకి, రూఫు అంచు కింద. నంబర్ ప్లేట్ దగ్గర పెడితే బురద పడుతుంది, దూరం తెలియదు. పైనుంచి కిందకి వంచి చూసేలా పెడితే స్క్రీన్ కింది అంచులో ట్రైలర్ బంపర్ సన్నగా కనపడాలి, అప్పుడే నీ బండి ఎక్కడ అయిపోతుందో నీకు తెలుస్తుంది. 170 డిగ్రీల వైడ్ యాంగిల్ అని గొప్పగా చెప్తారు, అంత వైడ్ అయితే వెనకున్నది ఇంకా దూరంగా ఉన్నట్టు కనపడుతుంది, 120, 130 డిగ్రీలవి సరిపోతాయి.

అమెరికాలో దీని మీద ఒక రూలు ఉంది. అక్కడ 2002లో ఒక తండ్రి ఇంటి ముందు బండి రివర్స్ చేస్తుంటే వెనక ఉన్న సొంత కొడుకు, రెండేళ్ళవాడు, చక్రం కింద పడి చనిపోయాడు. కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ ఆ బాబు పేరు. ఆయన ఊరుకోలేదు, ఇంకా చాలామంది తల్లిదండ్రులతో కలిసి పోరాడితే ఆ బాబు పేరు మీదే చట్టం వచ్చింది, చివరికి 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. ఆ రూలు ప్రకారం బండి వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు స్థలం కనపడాలి, రివర్స్ మొదలైన 2 సెకన్లలో బొమ్మ రావాలి. ట్రైలర్లకి ఆ రూలు లేదు, అయినా నీ కెమెరాకి అదే కొలత పెట్టుకో, ఎందుకంటే నీ ఉత్తరంలో కెమెరా అడిగింది కూడా పిల్లల కోసమే.

కొలవడం తేలిక. ఇంట్లో ప్లాస్టిక్ బిందెలు ఉంటాయి కదా, చెన్నైలో బిందె లేని ఇల్లెక్కడ. ఒక బిందెని ట్రైలర్ వెనక అడుగు దూరంలో పెట్టు, ఇంకోటి మూడు అడుగుల్లో, ఇంకోటి ఆరు అడుగుల్లో. స్క్రీన్ మీద అవి ఎక్కడ కనపడుతున్నాయో చూసి, ఆ బిందెల అడుగు తగిలే చోట సన్నటి రంగు టేపు ముక్కలు అతికించు, అడుగు దగ్గర ఎరుపు, మూడు దగ్గర పసుపు, ఆరు దగ్గర ఆకుపచ్చ. తర్వాత బిందెని రెండు మూలలకీ జరిపి చూడు, ఎక్కడైనా మాయమైతే కెమెరా కోణం మార్చు. బిందె నిలబెడితే అడుగున్నర ఉంటుంది, పాకే పిల్లాడు అంతే ఎత్తు, అది కనపడితే వాడూ కనపడతాడు. కెమెరాతో వచ్చే ఎరుపు పసుపు గీతలు ఉంటాయి, వాటిని తీసెయ్, అవి కారు బంపర్‌కి, కారు ఎత్తుకి లెక్క వేసినవి, ట్రైలర్ మీద అబద్ధం చెప్తాయి. చాలా కెమెరాల్లో కేబుల్ దగ్గర చిన్న తీగ లూపులు రెండు బయటికి వచ్చి ఉంటాయి, ఒకటి కోస్తే గీతలు పోతాయి, ఇంకోటి కోస్తే బొమ్మ ఎడమ కుడి తిరగబడుతుంది. ఏది ఏదో కాగితంలో చూసుకుని కొయ్యి. బొమ్మ అద్దంలోలా ఉండాలి, అంటే నీ కుడిపక్క ఉన్న మనిషి స్క్రీన్‌లో కూడా కుడిపక్కే కనపడాలి.

కన్నం కొట్టే పని నువ్వు దగ్గరుండి చేయించు. అల్యూమినియం వెనక ప్లైవుడ్డు ఉంది కాబట్టి ఒక్క చుక్క దిగినా లోపల్లోపల పుచ్చిపోతుంది, బయటికి తెలిసేసరికి గోడ మెత్తబడి ఉంటుంది. రూఫు మీద కన్నం అస్సలు వద్దు, గోడకి కొట్టాలి, అది కూడా బయట నుంచి లోపలికి కాస్త పైకి వాలుగా, అప్పుడు నీళ్ళు బయటికే జారతాయి. కేబుల్ కన్నంలోకి పోయే ముందు కిందకి ఒక వంపు తీసుకుని పైకి రావాలి, చుక్కలు ఆ వంపు దగ్గర రాలిపోతాయి. రబ్బరు గ్రొమెట్, దాని మీద బ్యుటైల్ టేపు (బంకలా అతుక్కునే రబ్బరు టేపు), చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వాడనివ్వకు, అది ఆరేటప్పుడు వచ్చే యాసిడ్ రాగి తీగల్ని తినేస్తుంది. నీళ్ళు, దుమ్ము ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ రేటింగ్ అని ఉంటుంది, కెమెరా ఐపీ67 అయినా ఉండాలి, ఐపీ69కే అయితే మంచిది, వాటర్ సర్వీస్‌లో ప్రెషర్ గన్ కొట్టినా తట్టుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు తెలుసుగా, సీలింగ్ మాత్రం గోడ పొడిగా ఉన్నప్పుడే చేయించు, తడి గోడ మీద ఏదీ పట్టదు. నువ్వు ఈసీఆర్ వైపు, మహాబలిపురం సముద్రం పక్కన పార్క్ చేసే మనిషివి అయితే ఇంటికొచ్చాక ప్లగ్గుల మీద, కెమెరా మీద మంచినీళ్ళు పోసి తుడువు, ఉప్పు గాలి పిన్నుల్ని ఎంత తొందరగా తినేస్తుందో ఇక్కడ ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాడనప్పుడు కాయిల్ కేబుల్ తీసి కార్లో పెట్టెయ్, సాకెట్లకి మూతలు వెయ్యి.

వైర్‌లెస్ ఎవరికి సరిపోతుందంటే, ఒకే ట్రైలర్‌ని రెండు మూడు బండ్లకి మార్చి మార్చి తగిలించేవాళ్ళకి. అప్పుడు కూడా ఫోన్లో చూసే వైఫై కెమెరా వద్దు. బొమ్మ వెనకబడి వస్తుంది, నువ్వు ఆపాక కూడా స్క్రీన్‌లో బండి కదులుతూ ఉంటుంది. కెమెరా వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోను దానంతటదే మొబైల్ డేటాకి పోతుంది, మ్యాప్ పెట్టుకుంటే కెమెరా పోతుంది, ఇంతలో ఎవరో ఫోన్ చేస్తారు. సొంత మానిటర్‌తో జత కట్టి వచ్చే డిజిటల్ రకం తీసుకోవాలి. అనలాగ్ వైర్‌లెస్ అయితే పక్క బండి కెమెరా బొమ్మ నీ స్క్రీన్‌లో పడే అవకాశం ఉంది. ఇవి ఎక్కువగా వాడేది 2.4 గిగాహెర్ట్జ్, ఇళ్ళలో వైఫైలు, బ్లూటూత్‌లు అందరూ అక్కడే ఉంటారు, పైగా నీది అల్యూమినియం పెట్టె, సిగ్నల్ దాంట్లోంచి పోదు, పక్కల నుంచి తిరిగి రావాలి. అయినా అదే కావాలంటే కన్నం కొట్టకముందు కెమెరాని టేపుతో అతికించి, విడిగా బ్యాటరీ పెట్టి, సాయంత్రం ట్రాఫిక్‌లో వేళచ్చేరి వైపు ఒక రౌండు వేసి చూడు, బొమ్మ ఆగకుండా వస్తేనే బిగించు. కరెంటు ట్రైలర్ లోపలి బ్యాటరీ నుంచి, విడిగా 2 యాంపుల ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లో, ఒక స్విచ్చి. స్విచ్చి ఆపడం మర్చిపోతే రోజుకి నాలుగైదు యాంపియర్-అవర్ల బ్యాటరీ ఛార్జి తినేస్తుంది, ఫ్యానుకి ఉండాల్సింది అందులో పోతుంది.

రాత్రి రివర్స్ సంగతి అడగలేదు గానీ చెప్తా. నీ ప్లగ్గులో రివర్స్ పిన్ లేదు కాబట్టి ట్రైలర్ వెనక తెల్ల లైటు ఉండదు, కారు రివర్స్ లైట్లని ట్రైలరే మూసేస్తుంది, చిమ్మచీకటి. కెమెరాకి ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు కొన్ని అడుగుల దాకా బ్లాక్ అండ్ వైట్‌లో చూపిస్తాయి, అంతవరకే. 7 పిన్నుల్లో 2వది రేర్ ఫాగ్ లైటుది, నీ ట్రైలర్‌కి ఫాగ్ లైటు లేకపోతే ఆ పిన్ ఖాళీగా ఉంటుంది, కారు వైపు కూడా ఖాళీయేనా అని టెస్ట్ ల్యాంపుతో చూసుకుని, దాన్ని కారు రివర్స్ లైటుతో రిలే ద్వారా కలిపి వెనక ఒక ఎల్‌ఈడీ ల్యాంపు పెట్టించొచ్చు. రివర్స్‌లోనే వెలగాలి, ముందుకి పోయేటప్పుడు వెనక్కి తెల్ల లైటు కొడితే వెనకొచ్చేవాడి కళ్ళు పోతాయి. ప్లగ్గు మూత లోపల 2 అంటే రివర్స్ అని మార్కర్‌తో రాసి పెట్టు, రేపు ఇంకెవరి బండికైనా తగిలిస్తే తెలియాలి.

చివరిగా మీ ఆవిడ సంగతి. కెమెరా వచ్చిందని ఆమెని దిగొద్దని అనకు. లారీ రివర్స్ చేస్తుంటే క్లీనర్ దిగి బాడీ మీద చెయ్యి కొడుతూ రైట్ రైట్, హోల్డాన్ అంటాడు చూడు, ఆ పని కెమెరా చేయలేదు. కెమెరా కిందకి చూస్తుంది, పైన వేప కొమ్మ ఉందా, ఎవరి బాల్కనీ సన్‌షేడ్ ఉందా, కేబుల్ టీవీ వైరు వేలాడుతోందా దానికి తెలియదు. ట్రైలర్ ఎటు మడుచుకుంటుందో కూడా స్క్రీన్‌లో తెలియదు, అది పక్క అద్దాల్లోనే తెలుస్తుంది, స్క్రీన్ వంకే చూస్తూ తిప్పితే కారు ముందు మూల గేటు స్తంభానికి రాసుకుంటుంది. ఆమె మాత్రం సరిగ్గా ట్రైలర్ వెనకాల కాకుండా డ్రైవర్ పక్కన, వెనక మూలకి కాస్త దూరంగా, నీ కుడి అద్దంలో ఎప్పుడూ కనపడేలా నిలబడాలి. ఆమె కనపడకపోతే బండి ఆపెయ్యాలి, అది ఇద్దరూ ముందే అనుకోండి. పిల్లలిద్దరూ ఆ టైములో కార్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి లేదంటే ఆమె చెయ్యి పట్టుకుని ఉండాలి, ఇక్కడ ఇంకో మాట లేదు.

సంక్రాంతికి ముందు వారం పెట్టుకోకు, డిసెంబరు మొదట్లో వాన ఆగిన రెండు మూడు పొడి రోజులు చూసి చేయించు, తర్వాత గొట్టంతో పైనుంచి పావుగంట నీళ్ళు కొట్టించి లోపల ప్లైవుడ్డు చేత్తో తడిమి చూడు. పొడిగా ఉంటే ఒక రాత్రి రెడ్‌హిల్స్ దాకా వెళ్ళి రా. వెనక లారీల హెడ్‌లైట్లు పడినప్పుడు స్క్రీన్ తెల్లగా అయిపోతుంటే మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించు, కెమెరాని ఇంకో రెండు డిగ్రీలు కిందకి వంచు. అప్పటికీ తగ్గకపోతే కెమెరా పైన రేకు టోపీ లాంటిది వస్తుంది, అది పెట్టించు.